జిల్డా డి అబ్రేవు

బ్రెజిల్ దేశపు చలనచిత్ర చరిత్రలో 1946వ సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఆ యేడు వెలువడిన “ఓ ఎబ్రియు”, అనగా “తాగుబోతు”, అనే చిత్రం ఆ విశాలదేశంలో మారుమూల పట్టణాల జనాన్ని సైతం సినిమాశాలలకు రప్పించినది. అందులో పాడి నటించిన విసెంటె సెలెస్టీనో పేరు అక్కడ ఎరుగనివారు లేరు. దర్శకత్వం వహించినది ఆయన భార్య జిల్డా డి అబ్రేవు. ఆ పేరు మాత్రం చిరకాలం భర్త కీర్తి చాటుననే ఉండిపోయినది.

జిల్డా 1904లో పారిస్ నగరంలో జన్మించినది. తల్లి గాయని. రియో డి జనైరోలో సంగీతం నేర్చి, 1933లో “బ్రెజిల్ పాట” అనే సంగీత రూపకంలో విసెంటె సరసన రంగస్థలం మీద కనుపించినది. ఆ యేడే వారిరువురికీ వివాహమైనది. 1936లో ఒడువాల్డో వియానా “పట్టుబొమ్మ” అనే చిత్రంలో ఆమెను నాయికగా చేసినాడు. పారిస్‌లో చదివి వచ్చిన సంపన్న యువతిగా చలామణీ అయ్యే ఒక దర్జీవాని కూతురి కథ అది. నిజంగా పారిస్‌లో పుట్టిన అమ్మాయికే ఆ వేషం దక్కడం చమత్కారం.

ఆ 1936లోనే విసెంటె “తాగుబోతు” అనే పాటను రికార్డుగా ఇచ్చినాడు. పాట నాటకమైనది, నాటకం సినిమా అయినది. సినేదియా స్టూడియోలో దర్శకపీఠం మీద జిల్డా కూర్చున్నది. ఆమెయే ఆ దేశపు తొలి దర్శకురాలని కొందరు వ్రాస్తారు గాని అది సరికాదు. 1931లోనే క్లేయో డి వెర్బెరేనా ఒక చిత్రం తీసినది. అయితే ఇంతటి జనాదరణ ఆమెకు లభించలేదు. ఆడుదాని ఆజ్ఞకు కట్టుబడుట పనివారికి రుచించలేదనీ, అందుచేత జిల్డా పంట్లాము తొడిగి సెట్టుమీదికి వచ్చేదనీ చెప్పుకొంటారు.

కథానాయకుడు జిల్బెర్టో ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని నగరం చేరుతాడు. రేడియోలో గాయకుల పోటీ నెగ్గి పేరు గడిస్తాడు, వైద్యుడౌతాడు. (రేడియోలో పనిచేసేవారికి ఈ ఘట్టం తీపిగానే ఉంటుంది.) భార్య మోసగించి వెళ్లిపోగా, మరణించిన ఒక బిచ్చగాని గుర్తింపును తాను ధరించి, లోకం దృష్టిలో చనిపోయినవాడై, మద్యానికి బానిసౌతాడు. చివరకు భార్య ఎదురుపడినప్పుడు క్షమిస్తాడు; కాని ఆమెతో మరల కాపురానికి ఒప్పుకోడు. కన్నీటి కథ యని విమర్శకులు చప్పరించినారు. కన్నీరు ఉన్నమాట నిజమే. కాని క్షమకూ పునస్సమాగమానికీ గల భేదాన్ని చెదరనీయక ఆ ముగింపును నిలిపిన దర్శకురాలిని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. సామాన్యులు తమ బాధను ఆ తెరమీద గుర్తుపట్టినారు.

1949లో ఆమె “పింగిన్యో డి జెంచి” తీసినది. 1951లో “మాతృహృదయం” తీసి, భర్తతోపాటు తానూ నటించినది. దానికీ మూలం విసెంటె పాటయే. ప్రియురాలి కోరికపై తల్లి గుండెను తెచ్చే కొడుకు దారిలో పడిపోతే, ఆ గుండెయే “దెబ్బ తగిలిందా నాయనా” అని అడిగే కథ. ఆపైన ఆమె కథాచిత్రాలకు దర్శకత్వం వహించలేదు. రేడియో నాటకాలు, నవలలు వ్రాసినది.

1968లో కయెటానో వెలోజో మొదలైన యువగాయకులు పాతను కొత్త చెవితో వినసాగినారు. వెలోజో ఆ “మాతృహృదయం” పాటనే మరల పాడినాడు. ఆ యేడు ఆగస్టులో విసెంటె మరణించినాడు. 1977లో జిల్డా మరల కెమెరా వెనుక నిలిచి, భర్త స్మృతికై “ప్రేమగీతం” అనే లఘుచిత్రం తీసినది. 1979లో కన్నుమూసినది.

“తాగుబోతు” చిత్రం ఏండ్ల తరబడి కత్తిరించిన ప్రతులలోనే ఆడినది. 1998లో దానిని పునరుద్ధరించినారు. జిల్డా కూర్చిన దృశ్యాలు అప్పటికి గాని తిరిగి తెరకెక్కలేదు.