ఆసియా చిత్రోత్సవములలో తెలుగు చిత్రములు

వానలు కురియనప్పుడు విరాటపర్వము చదివించు ఆచారము మన పల్లెపెద్దలు ఎఱిగినదే. ఆ విరాటపర్వమే యొకసారి సముద్రము దాటి తెలుగువారికి కీర్తి తెచ్చెను. ఆ చరిత్రమును, దాని వెనుక నేటి యువకులు తెలిసికొనదగిన మాటను మనవి చేసెదను.

1955లో జావా ద్వీపమందలి బాండుంగు నగరమున ఆసియా, ఆఫ్రికా ఖండములకు చెందిన 29 దేశముల ప్రతినిధులు సమావేశమైరి. పరపాలన విడిచిన జాతులు ఒండొరులను తెలిసికొనవలెనను కోరిక అంతట బలపడెను. ఆ కాలముననే ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవము వెలసెను. అది 1958లో తాష్కెంటునందును, 1960లో కైరోనందును, 1964లో జకార్తాయందును జరిగెను.

జకార్తాకు వెళ్లిన చిత్రములలో 'నర్తనశాల' యొకటి. 1963లో విడుదలయైన యీ చిత్రమునకు కమలాకర కామేశ్వరరావుగారు దర్శకులు. కీచకపాత్ర ధరించిన ఎస్. వి. రంగారావుగారికి ఉత్తమనటుడను బహుమానమును, టి. వి. ఎస్. శర్మగారికి కళాదర్శకత్వమునకు బహుమానమును లభించెను.

తెలుగు ఎఱుగని సభ మన కీచకుని ఎట్లు మెచ్చెను? నాకు తోచిన కారణమిది. జావాభాషలో విరాటపర్వము గద్యరూపమున క్రీ. శ. 996లోనే వెలసినది. అనగా తిక్కన సోమయాజి రచనకు రెండువందల యేండ్లకు పైగా ముందు. అచ్చట వయాంగు అను తోలుబొమ్మలాటలో నేటికిని పాండవకథలు ఆడుచున్నారు. భాష పరాయిదైనను కథ వారి యింటిదే.

ఆ దినములలో విదేశోత్సవములకు చిత్రములు పంపుట సామాన్యముగ ప్రభుత్వముల పని. క్రమముగ పెద్ద సంస్థల అండలేని చిత్రములును వెలుపలికి పోసాగెను. 'మా భూమి' చిత్రమును నిర్మించిన బి. నరసింగరావుగారు పిదప స్వయముగ 'దాసి' తీసిరి. తెలంగాణపు గడిలో నలిగిన యొక స్త్రీ కథ అది. 1989లో మాస్కో ఉత్సవమున గౌరవపత్రము పొందెను. దక్షిణకొరియాలోని బూసాన్ నగరమున 1996లో మొదలైన ఉత్సవమువంటివి వచ్చిన పిదప, దర్శకుడే యింట కూర్చుండి తన చిత్రమును పంపుకొనుట సాధ్యమైనది.

అయినను మార్గము సులభమైనంత మాత్రమున జాగ్రత్త విడువరాదు. నేనుండు ఖాజాగూడ యొకప్పుడు గుట్టలచెంతనున్న పల్లె. నేడు చుట్టును గాజుమేడలు. మా వీధిలో అద్దెగదిలో నుండు ఉద్యోగి యొకడు, తన నాయనమ్మ ఊరి చెరువును గూర్చి సెలవుదినములలో రెండేండ్లు శ్రమించి చిత్రము తీసెను. సంతోషము పట్టలేక దానిని అంతర్జాలమున అందఱికిని చూపెను. తరువాత నొక ఉత్సవమునకు పంపగా, ముందే లోకము చూచిన చిత్రమును గైకొనమని వారు త్రోసిపుచ్చిరి. ఆ నియమము దరఖాస్తులోనే యున్నది, ఇతడు చదువలేదు. కట్టిన రుసుమును పోయెను.

అతడు విచారముతో నాకడకు వచ్చెను. అట్టి నియమము లేని వేఱొక ఉత్సవమును వెదకితిమి. మాటలకు ఆంగ్లానువాదము కావలసియుండెను. నాయనమ్మ "చెరువు అలుగు పారింది" అని పలికిన యొక్క వాక్యముతో ఇరువురమును ఒక సాయంకాలమంతయు పెనగులాడితిమి. నీరు పొరలెనన్న అర్థము వచ్చును గాని, ఊరి సంబరము రాదు! ఎట్లో ముగించి పంపితిమి. బదులు కొఱకు అతడు ఎదురుచూచుచున్నాడు.

కావున యువకులకు నా మాట: నియమములు తుదివఱకు చదువుడు, గడువు, రుసుము, ప్రథమప్రదర్శన నిబంధన చూడుడు, అనువాదమును కడపటి రాత్రికి విడువకుడు. పెద్దలకు నా విన్నపము: కెమెరా పట్టుకొని మనుమడు వచ్చినచో విసుగుకొనక, మీ యూరి కథ చెప్పుడు. జకార్తా సభను మెప్పించినది మనవారు తరతరములుగ చెప్పుకొనిన కథయే గదా! సెలవు.