ఉస్తాద్ రాని రోజున

అయ్యవారు రాని రోజున బడిలో ఏం జరుగుతుంది? పిల్లలు అల్లరి చేస్తారు, పక్క తరగతి సారు వచ్చి కసిరి పోతారు, అంతే కదా అనుకుంటాం. కాని ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. అందులో మన ప్రాంతపు బడులకూ చోటున్నది.

పూర్వం మక్తబులో ఉస్తాద్ ఒక్కరే. ఆయన పెద్ద పిల్లల పాఠం వింటున్నా, పనిమీద బయటికి వెళ్లినా, చిన్నవాళ్లకు అలిఫ్, బే చెప్పే పని చదువులో ముందున్న పిల్లవాడిది. వాణ్ణి 'ఖలీఫా' అనేవారు. ఒకరి స్థానంలో నిలిచినవాడని ఆ మాటకు అర్థం. తెలుగు వీధిబడిలోనూ ఇదే రివాజు. ఇసుక పరచి, అక్షరాన్ని పైకి పలుకుతూ వేలితో దిద్దేవారు. వచ్చినవాడు రానివాడికి నేర్పేవాడు.

1789లో ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి అధికారి అయ్యాడు. ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన బడిలోనూ అలా నేర్పమన్నాడు. అక్కడి ఉపాధ్యాయులు కుదరదన్నారు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి పిలిచి అక్షరాల తరగతి అప్పగించాడు. పిల్లవాడు నేర్పి చూపించాడు! 1797లో బెల్ ఈ అనుభవాన్ని లండనులో పుస్తకంగా అచ్చు వేయించాడు. అదే 'మద్రాసు పద్ధతి'గా పేరుపొందింది.

1822లో గవర్నరు థామస్ మన్రో బడుల లెక్కలు అడిగాడు. నేటి అనంతపురం, ఆదోని ప్రాంతాలు అప్పుడు బళ్లారి జిల్లాలోనివే. ఆ జిల్లా కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులున్నాయి. వాటిలో కన్నడం 235, తెలుగు 226, పార్శీ 21. పిల్లలు పిల్లలకు నేర్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. అయితే పిల్లలు అర్థం తెలియని పద్యాలు వల్లిస్తున్నారనీ, జనం పేదరికంవల్ల బడులు తగ్గిపోతున్నాయనీ కూడా రాశాడు.

ఇంగ్లండులో ఈ పద్ధతి చౌక బేరమైంది. వందలాది పిల్లలకు ఒక్క ఉపాధ్యాయుడు, మిగతా పని పిల్లలదే. చదువు వల్లెవేతగా మారిందని విమర్శలు వచ్చాయి. చివరికి 1846లో ప్రభుత్వం, ఎంపికైన విద్యార్థులకు అయిదేళ్లు భత్యమిచ్చి బోధన నేర్పే ఏర్పాటు చేసింది. బదులు నిలిచేవాడికీ తర్ఫీదు కావాలని తెలియడానికి అన్నేళ్లు పట్టింది.

ఈ చరిత్ర మాకు కంఠస్థమే. అయినా ఒక ఏడు రెండో తరగతి టీచరమ్మ ప్రసూతి సెలవులో ఉంటే, పదో తరగతికి సాంఘికం చెప్పే మమ్మల్ని అక్కడికి పంపారు. ఆమె ఎక్కడిదాకా చెప్పారో రాసిపెట్టిన కాగితం లేదు. మేము బల్లమీద బెత్తం కొట్టి "బే, పే, తే" అని అరిపించాం. పిల్లలు బాగానే అరిచారు. వరస మార్చి ఒక్క అక్షరం రాసి చూపిస్తే, సగంమంది నోరు మెదపలేదు. మూడింటిదీ ఒకే పడవ రూపం, నుక్తాలే తేడా. కాంప్‌బెల్ చెప్పిన తప్పు మేమే చేస్తున్నాం!

మర్నాడు ఇంటినుంచి పళ్లెంలో ఇసుక పట్టుకెళ్లాం. చదవడం వచ్చిన ఒక పాపను ఖలీఫాగా కూర్చోబెట్టాం. పడవ గీసి, నుక్తాలకు చింతగింజలు పెట్టించింది. కింద ఒకటి పెడితే బే, మూడు పెడితే పే, పైన రెండు పెడితే తే. మేము పక్కన కూర్చుని దిద్దాం. వారం తిరిగేసరికి పిల్లలు తమ పేర్లలో ఆ అక్షరాలు వెతుక్కోసాగారు.

పాప నేర్పింది నిజమే, కాని పక్కన పెద్దవాళ్లం ఉన్నాం గనుక సాగింది. ఖలీఫా ఉస్తాద్‌కు తోడే తప్ప, ఉస్తాద్ లేని లోటుకు ముసుగు కారాదు. రెండో తరగతిలో మూడు నెలలు పోతే ఆ పిల్లవాడు పదో తరగతిలోనూ తడబడతాడు. మేమది రోజూ చూస్తున్నాం.

కాబట్టి పెద్దలకు మా మనవి ఒక్కటే. ప్రతి మొహల్లాలో చదువుకున్న అమ్మాయిలున్నారు, రిటైరైన ఉస్తాదులున్నారు. కొందరిని ముందే ఎంచి, నాలుగు రోజులు తర్ఫీదిచ్చి, రాకపోకల ఖర్చయినా ఇచ్చి సిద్ధంగా ఉంచుదాం. టీచర్లు కూడా పాఠం ఎక్కడ ఆగిందో రోజూ ఒక నోటుబుక్కులో రాసిపెట్టాలి. ఉస్తాద్ రాని రోజున కూడా పాఠం ఆగకూడదు.