రబ్బరు చెట్టు, గీతకాని చేయి



నేడు నేను విన్నవింపబూనిన విషయము రబ్బరు సేద్యపు చరిత్ర. మా నారపల్లి ప్రాంతమున రబ్బరు తోటలు లేవు. ఆ చెట్టునకు ఏటికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన కావలెను. మనకు కురియునది అందులో సగమైనను కాదు. అయినను ఈ కథ మన గ్రామములందలి పెద్దలు వినదగినది. ఏలయన, ఈ సేద్యమునందు తెలుగువారి చెమట కలదు. మరియు చెట్టునుండి పాలు తీయు విద్య మన గీతవృత్తికి చుట్టము. మన గీతకాడు ఈతచెట్టును ఒక ఏడు ఒక ప్రక్కను, మరుసటి ఏడు రెండవ ప్రక్కను గీయును. నడుమ దినములు విడిచి చెట్టునకు విశ్రాంతి నొసగును. ఆశపడి లోతుగా చెక్కినవానికి కల్లును దక్కదు, చెట్టును దక్కదు. ఈ ధర్మమును తోటదొరలు ఎట్లు నేర్చిరి, ఎంతవరకు నేర్చిరి అనునదే నా ప్రసంగము.

రబ్బరు చెట్టు పుట్టినిల్లు దక్షిణ అమెరికాయందలి అమెజాను అడవి. అచ్చటివారు చిన్న గొడ్డలితో మానును నరికి పాలు పట్టెడివారు. గొడ్డలివాటు బెరడును దాటి కలపను తాకుటచే గాయము సరిగా మానక, చెట్టు క్రమముగా గొడ్డువోయెడిది. 1876లో హెన్రీ వికామ్ అను ఆంగ్లేయుడు సుమారు 70,000 గింజలను లండను నగరమందలి క్యూ తోటకు చేర్చెను. వానిలో నూటికి నాలుగు మాత్రమే మొలకెత్తినవి. మరుసటి ఏడు 22 మొక్కలు సింగపూరునకు వచ్చినవి. ఆసియాఖండమందలి మహారణ్యములవంటి రబ్బరు తోటలు చాలవరకు ఆ కొలది గింజల సంతతియే.

1888లో సింగపూరు తోటకు అధికారియై వచ్చిన హెన్రీ రిడ్లే ఈ సేద్యమునకు గురువు. మానును నరుక నక్కరలేదనియు, ఒకే గాయపు అంచును మరల మరల పలుచగా చెక్కినచో పాలు మొదటికంటె అధికముగా స్రవించుననియు ఆయన కనుగొనెను. గింజలను జేబులలో నింపుకొని తోటదారులను నాటుడని బ్రతిమాలగా, జనులు ఆయనను పిచ్చివాడనిరి. 1896లో మలక్కాయందు తాన్ చే యాన్ అను చీనా వర్తకుడు ఆ మాట విని తోట నాటెను. పిమ్మట మోటారు బండ్లు ప్రబలి, రబ్బరునకు బంగారము ధర పలికెను.

ఈ గీతలోని కిటుకు వినుడు. పాల నాళములు బెరడులో నుండును. అందులోను కలపకు చేరువగా నున్న పొరలో అధికము. ఆ పొరకును కలపకును నడుమ చెట్టును పెంచు పలుచని పొర యొకటి కలదు. కత్తి దానికి సుమారు ఒక మిల్లీమీటరు దూరమున నిలువవలెను. మరింత పైన నిలిచిన పాలు తక్కువ. లోపలికి పోయిన చెట్టునకు పుండు. పాల నాళములు కొంచెము ఏటవాలుగా ఎక్కును గనుక, గీతను ఎడమనుండి కుడికి దిగువగా సాగింతురు. తెల్లవారుజామున చల్లదనమునకు చెట్టులో నీరు నిండియుండును గనుక ఆ వేళనే గీయుదురు. దినము విడిచి దినమో, రెండు దినములు విడిచియో గీసినచో బెరడు మరల పెరుగును. ప్రతిదినము గీసినచో చెట్టు ఎండుగొట్టును. ఎంత చెక్కినను బొట్టు రాలదు.

భూమి విషయమునను ఇట్టి పాఠమే. మొదట మలయాలో తోటదొరలు గడ్డిపోచ యైనను లేకుండ నేలను గీకించిరి. వానలకు పైమన్ను కొట్టుకొనిపోయెను. పిమ్మట నేలపై ప్రాకు చిక్కుడు జాతి తీగలను పెంచి మన్నును నిలిపిరి, సారమును పెంచిరి. మేలుజాతి చెట్ల మొగ్గలను అంటుకట్టుట నేర్చినపిమ్మట, హెక్టారునకు 500 కిలోలిచ్చు తోటలకు మారుగా మూడింతలిచ్చు తోటలు వెలసినవి. కేరళలో 1980లో విడుదలైన ఆర్.ఆర్.ఐ.ఐ. 105 అట్టిది. కాని ఒకే జాతిని నమ్ముటలో అపాయము కలదు. బ్రెజిలులో హెన్రీ ఫోర్డు నాటించిన తోటలను ఆకుమచ్చ తెగులు పాడుచేసెను.

ఇక మనవారి కథ. విశాఖ, గోదావరి మండలములనుండి తెలుగువారు కంగాణీల వెంట మలయా తోటలకు వలసపోయిరి. కంగాణీ యనగా తోటనుండి గ్రామమునకు వచ్చి, ముందుగా సొమ్మిచ్చి మనుష్యులను కూర్చుకొనిపోవు మేస్త్రీ. ఆ ముందుసొమ్మే సంకెల. చీకటితో లేచి ఒక్కొక్కరు మూడు నాలుగు వందల చెట్లు గీసెడివారు. 1930 ప్రాంతమున పురుషునకు దినకూలి 50 సెంట్లు, స్త్రీకి 40. రబ్బరు ధర పడిపోగానే ఆ కూలియు తగ్గెను. వేలకొలది మందిని ఓడలెక్కించి వెనుకకు పంపిరి. 1938లో భారత ప్రభుత్వము అట్టి కూలి వలసను నిషేధించెను. యుద్ధకాలమున 1942, 43 సంవత్సరములలో జపానువారు తోటకూలీలను సయాం–బర్మా రైలుమార్గమునకు తరలింపగా లెక్కకు మిక్కిలిగా మరణించిరి. మిగిలిన తెలుగువారు 1955లో మలయా ఆంధ్ర సంఘమును స్థాపించుకొని భాషను నిలుపుకొనిరి. ఆ సంఘము నేడు మలేషియా తెలుగు సంఘముగా నున్నది.

చూచితిరా! చెట్టునకు ఎన్ని దినములు విశ్రాంతి యవసరమో కొలిచిన దొరలు, కత్తి పట్టిన చేతికి ఎంత కూడు, ఎంత విశ్రాంతి యవసరమో కొలువలేదు. మన దేశమున రబ్బరు అధికభాగము కేరళయందలి చిన్న రైతుల సొత్తు. గోదావరి మన్యమున మారేడుమిల్లి పరిసరములందు గిరిజన రైతులును నాటిరి. ఇప్పుడు గీతగాండ్రు దొరకుట దుర్లభమై, రబ్బరు బోర్డువారు ఎథెఫాన్ అను మందును మితముగా పూసి వారమునకొకసారి గీయు పద్ధతిని బోధించుచున్నారు. బెరడు చిరకాలము నిలుచును. ఒక్కొక్క దినపు గీతకు పాలు అధికమగుటచే గీతకానికిని ఫలము హెచ్చును. చెట్టును మనిషిని ఒక్కసారిగా కాపాడు మార్గము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

అయ్యలారా, మనము వరి వేసినను, తాటిని గీసినను, బావిలో నీరు తోడినను లెక్క యొక్కటే. ఈనాటి దిగుబడిని మాత్రమే చూచువాడు కలపదాక నరుకును. రేపటి దిగుబడిని చూచువాడు ఒక మిల్లీమీటరు విడిచిపెట్టును. ఆ విడిచిన భాగము చెట్టునకే కాక చెమటోడ్చిన చేతికిని దక్కవలెనని నా మనవి.