సజ్జకంకి తెగులు, పార్శ్వపు నొప్పికి మందు

కర్నూలు, కడప మెట్టపొలములలో సజ్జ చిరకాలపు పంట. పూత సమయమున మబ్బుపట్టి తుంపర పడినచో కంకినుండి తేనెవంటి జిగట కారును. కొన్నాళ్లకు గింజ ఉండవలసిన చోట నల్లని గట్టి ముద్ద పెరుగును. ఇదియే తేనెబంక తెగులు. కారణము ఒక శిలీంధ్రము. ఈ ముద్దలు కలిసిన సజ్జలు తిని 1956-57లో బొంబాయి రాష్ట్రపు దక్షిణభాగమునను, 1975లో రాజస్థాన్‌లోను అనేకులు వాంతులు, తలతిరుగుడు, మగతలతో బాధపడిరి.

ఈ శిలీంధ్రమునకు యూరపులో ఒక దాయాది కలదు. అది రై అను చలిదేశపు ధాన్యముపై పెరుగును, పేరు ఎర్గాట్. అది కలిసిన పిండితో రొట్టె చేసికొని తిన్నవారి వ్రేళ్లు మొదట మండి, పిదప నల్లబడి రాలిపోయెడివి. దానిలోని విషము రక్తనాళములను బిగించుటయే ఇందుకు కారణము. ఆ బిగింపే తరువాత మందైనది.

తలలో ఒక ప్రక్కనే పోటు, వెలుతురు చూడలేకపోవుట, వాంతి: ఇవి పార్శ్వపు నొప్పి లక్షణములు. సుశ్రుత సంహితలో దీని పేరు అర్ధావభేదకము. 1918లో స్విట్జర్లాండులోని బేసెల్ నగరమున, సాండోజ్ కంపెనీలో ఆర్థర్ స్టోల్ ఎర్గాట్ నుండి ఎర్గొటమైన్‌ను వేరుచేసెను. మొదట దానిని ప్రసవానంతర రక్తస్రావము నాపుటకు వాడిరి. 1926లో జూరిచ్ వైద్యుడు హాన్స్ మేయర్ పార్శ్వపు నొప్పిలో దాని ఫలితమును ప్రకటించెను. 1938లో అమెరికాలో గ్రహామ్, వుల్ఫ్ అనువారు కణతవద్ద ధమని కొట్టుకొనుటను నమోదు చేసిరి. మందిచ్చిన పిదప ఆ కొట్టుకొనుట తగ్గినకొలది నొప్పియు తగ్గెను. నొప్పికి మూలము ధమనులు మాత్రమే కావనియు, తలలోని నాడులదే పెద్ద పాత్ర యనియు నేడు తెలియును.

అట్లయిన తలనొప్పికి తెగులు సజ్జలు తినవచ్చునా యని తరగతిలో కొంటె విద్యార్థి అడుగవచ్చును. తినరాదు. సజ్జ తెగులులోని విషములు వేరు. అందు ఎర్గొటమైన్ లేదు.

ఎర్గొటమైన్ మాత్రము నేటికిని మన మందుల షాపులలో కలదు. కెఫీన్, పారసిటమాల్, వాంతి నాపు మందులతో కలిపి ఒకే బిళ్లగా అమ్ముదురు. కొనువారు దానిని ఉత్త తలనొప్పి బిళ్ల యని తలచుటలోనే ప్రమాదమున్నది. ఒక నొప్పికి 6 మిల్లీగ్రాములు, వారమునకు 10 మిల్లీగ్రాములు మించరాదు. గర్భిణులు, గుండెజబ్బు, అధిక రక్తపోటు గలవారు దీనిని తాకరాదు. ఎరిత్రోమైసిన్ వాడుచున్నవారికి ఇది మరింత ప్రమాదకరము: కాలేయము ఎర్గొటమైన్‌ను విడగొట్టకుండ ఎరిత్రోమైసిన్ అడ్డుపడును, కొద్ది మోతాదే పెద్దదై వ్రేళ్లు నల్లబడవచ్చును. నెలకు 10 దినములు, అంతకు మించి వాడుచు పోయినచో మందే తలనొప్పిని తెచ్చును.

తేలికనొప్పికి పారసిటమాల్‌గాని ఐబుప్రొఫెన్‌గాని పెందలకడ వేసికొన్న చాలును. నొప్పి ముదిరిన పిదప కడుపు మందగించి బిళ్ల సరిగా ఇంకదు. 1991లో వచ్చిన సుమాట్రిప్టాన్ ఎర్గొటమైన్ కంటె సూటిగా పనిచేయును, కాని గుండెజబ్బువారికి అదియు నిషిద్ధమే. ఈ రెండింటిలో ఒకటి వేసికొన్న 24 గంటలలోపల రెండవది వేసికొనరాదు. రెండును రక్తనాళములను బిగించునవే.