బండ్లబాట మీద ముందు ఇరుసు

అనంతపురం మెట్టనేలల్లో ఊరికీ చేనికీ మధ్య దారి అంటే చాలాకాలం బండ్లబాటే. ఇనుప పట్టా చక్రాలు ఏళ్ల తరబడి ఒకే జాడలో దొర్లడంతో రెండు పక్కలా గాళ్లు పడేవి, నడుమ ఎర్రమట్టీ రాళ్లూ కలిసి మిట్టగా మిగిలేవి. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన పడే ప్రాంతం ఇది. ఆ కొద్ది వానా ఒక్కోసారి ఒక్క రాత్రిలో కుమ్మరించిపోతే వంకలు పొంగి బాటను కోసేస్తాయి. ఇలాంటి దారిలో నడిచే ఏ బండికైనా నేలకూ ఇరుసుకూ మధ్య జాగా ఉండాలి. ఎద్దులబండి నుంచి పికప్ దాకా అందరి తంటా ఆ జాగా కోసమే. ఎత్తు పెంచినప్పుడల్లా ఖర్చు పడింది మాత్రం బండి ముందుభాగం మీద.

ఎద్దులబండి ఈ చిక్కును పెద్ద చక్రంతో తీర్చుకుంది. చక్రం ఎంత పెద్దదైతే ఇరుసు అంత పైన ఉంటుంది, మిట్ట తగలదు. స్ప్రింగు అనేదే లేదు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపిన కందెన ఇరుసు అరగకుండా కాపాడేదే గానీ కుదుపును ఆపేది కాదు. ముందు ఇరుసు లేని రెండు చక్రాల బండి గనుక ఆ కుదుపంతా నొగల మీదుగా కాడికి, కాడి నుంచి ఎద్దు మెడకు చేరేది. వేరుశనగ మూటలు ముందుకు ఎక్కువ పేరిస్తే మెడ మీద పుండు పడేది. వెనక్కి పేరిస్తే నొగలు పైకి లేచి మెడకింది తాడు బిగిసేది. మూటలు ఎక్కడ పెట్టాలో తెలియడమే బండి తోలడంలో సగం పని. తర్వాత వచ్చిన టైరు బండి కుదుపును తగ్గించింది. దాని చక్రం చిన్నది కావడంతో ఇరుసు మాత్రం కిందికి దిగింది.

ఉక్కు పట్టీల స్ప్రింగుకు లండన్‌లో ఒబడయ్యా ఎలియట్ 1804లో పేటెంటు పొందాడు.  ఆ స్ప్రింగు ఇక్కడి జనం నోట కమాను అయింది. విల్లుకు పారసీలో ఉన్న పేరే అది. వంగిన పట్టీల వరసకు అంతకన్నా అతికిన మాట దొరకదు. జట్కాల్లో చూసిన కమానే తర్వాత లారీల కింద కమాన్ కట్టగా స్థిరపడింది.

1940ల చివర్లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను దేశంలో కూర్చడం మొదలుపెట్టాక, సర్కారు దౌరాలకూ తర్వాత బాడుగలకూ ఈ సీమలో జీపే దిక్కయింది. దాని ముందు ఇరుసు ఒకే ముక్క. రెండు కమాన్ కట్టల మీద ఆనుతుంది. ఎత్తు కావాలంటే ఒక పట్టీ చేర్చేవారు, లేదా కమాను కొనన వేలాడే సంకెలను పొడుగు చేసేవారు. తిప్పలు అక్కడే మొదలయ్యేవి. సైకిల్ ముందు ఫోర్కు కొంచెం వెనక్కి వాలి ఉన్నట్టే బండి చక్రం తిరిగే కీలు కూడా వెనక్కి వాలి ఉంటుంది. మెకానిక్కులు దీన్ని క్యాస్టర్ అంటారు. మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను సరిగా రావడం దాని పుణ్యమే. సంకెల ముందు కొనన ఉన్న బండిలో దాన్ని పొడిగిస్తే ఇరుసు ముందుకు ఒరిగి ఆ వాలు తగ్గుతుంది. ఆపైన ఆ కీలులోని కింగ్ పిన్ అరిగి ఉంటే, ఒక్క గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ వణకడం మొదలవుతుంది. వేగం తగ్గిస్తే తప్ప ఆ వణుకు ఆగదు.

కరువు ఏళ్లలో మేత లేక ఎడ్లను అమ్ముకున్న ఇళ్లలోకి ట్రాక్టరూ, బాడుగ పికప్పూ వచ్చాయి. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు కూడా ముందు కమాన్లే. చీనీ, టమోటా మండీకి తోలే బండ్లలో మాత్రం ఎత్తించేది ఎక్కువగా వెనకవైపు: బరువుకు కూలబడకుండా అదనపు పట్టీ వేయిస్తారు. ముందువైపు ముట్టుకోలేదు గదా అనుకోవడం పొరపాటు. ఇరుసుల మధ్య మూడు మీటర్ల దూరం ఉన్న బండిని వెనక ఏడున్నర సెంటీమీటర్లు లేపితే బండంతా దాదాపు ఒకటిన్నర డిగ్రీ ముందుకు వాలుతుంది. చాలా బండ్లలో క్యాస్టర్ ఉండేదే కొద్ది డిగ్రీలు. అందుకే ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు స్టీరింగు నిలకడ తప్పుతుంది. మండీకి పోయేటప్పుడు బరువుకు వెనక దిగిపోతుంది కనుక ఈ లోపం తెలియదు. దీనికి విరుగుడు ముందు ఇరుసుకూ కమానుకూ మధ్య పెట్టే ఏటవాలు ఇనుప ముక్క. కమాను ఇరుసు పైన కూర్చునే బండిలో దాని లావు అంచు వెనకవైపు ఉండాలి. తిప్పి బిగిస్తే లోపం ఇంకా పెరుగుతుంది.

రెండు చక్రాలూ విడివిడిగా ఆడే ముందుభాగం ఈ ఒకే ముక్క ఇరుసుకు పూర్తిగా వేరు. శ్రీసిటీ కర్మాగారంలో 2016 నుంచి తయారైన ఇసుజు వీ-క్రాస్ ఈ తరహాదే: ముందు పైనా కిందా రెండు చేతులు, నడుమ చుట్ట స్ప్రింగు. స్ప్రింగు పైన దిమ్మ పెట్టి ఇలాంటి బండిని లేపితే చేతులు కిందికి వాలిపోతాయి. అడుగు పొడవున్న చెయ్యి అడ్డంగా ఉన్నప్పుడు చక్రం రెండంగుళాలు దిగితే దాని కొన లోపలికి జరిగేది 4 మిల్లీమీటర్లే. ముందే రెండంగుళాలు వాలి ఉన్న చెయ్యి మరో రెండంగుళాలు దిగితే 13 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది. అంటే అదే గుంత మూడింతల దెబ్బ కొడుతుంది. ఆ వాలుకు, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్డు కదలిక కుదరకపోతే స్టీరింగు తిప్పకుండానే చక్రం పక్కకు తిరుగుతుంది. చేతి కొనన ఉండే బాల్ జాయింట్ తన హద్దు దగ్గరే ఆడుతూ త్వరగా అరుగుతుంది. ఫోర్ వీల్ బండిలో ముందు చక్రాలను తిప్పే షాఫ్టుల జాయింట్లు వంకరగా తిరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, గ్రీజు కారుతుంది. చక్రం కిందికి దిగేందుకు మిగిలే జాగా కూడా తక్కువే. వంకలో దిగినప్పుడు టక్‌మని వినిపించేది ఆ హద్దు తగిలిన చప్పుడే. రెండంగుళాల లోపైతే ఎలైన్‌మెంట్‌తో సర్దవచ్చు. అది దాటితే పై చేతులను మార్చక తప్పదు, లేకుంటే టైరు ఒక అంచునే అరిగిపోతుంది.

ఎత్తు పెంచే ముందు చట్టం కూడా చూసుకోవాలి: తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది.