పసివారి జీర్ణాశయ శోథ: హకీముల గ్రంథాలలో ఒక వెలితి

వైద్య చరిత్రలో మదనపల్లె పేరు క్షయవ్యాధి మూలంగా నిలిచింది. 1915లో ఆరోగ్యవరం శానిటోరియం తెరిచారు. 1950లో ఆ చుట్టుపక్కల బి.సి.జి. టీకా పరిశీలన మొదలైంది. పసివారి కడుపునొప్పికి అంతటి శ్రద్ధ దక్కలేదు. మదనపల్లెలోనైనా, పుంగనూరు, కుప్పం పల్లెల్లోనైనా చాలా ఇళ్లలో అది నులిపురుగుల ఖాతాలోనో, దిష్టి ఖాతాలోనో పడుతుంది.

ఈ ఉపేక్షకు మూలాలు పాతవి. హిజ్రీ నాల్గవ శతాబ్దిలో ఖైరవాన్ నగర వైద్యుడు ఇబ్నుల్ జజ్జార్ జీర్ణాశయ వ్యాధులపై ఒక గ్రంథం, శిశు పోషణపై మరొక గ్రంథం రచించాడు. రెండూ వేర్వేరు. ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లోనూ ఇదే విభజన. పసివారి వాంతులు, ఎక్కిళ్లు, జీర్ణాశయ దౌర్బల్యం మొదటి సంపుటంలో వస్తాయి. 'వరమె మేదా', అనగా జీర్ణాశయపు వాపు, మూడవ సంపుటంలో. బిడ్డ ఒకచోట, వ్యాధి మరొకచోట! బ్రతికి ఉన్న మనిషి జీర్ణాశయపు లోపొరను కంటితో చూసే సాధనం లేని కాలంలో ఆ మహనీయులను తప్పుపట్టలేము.

ఆ లోపొరలో జరిగేదేమిటో 1982లో ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని వెలికితీసిన పిమ్మటనే స్పష్టపడింది. వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. ఈ క్రిమి ఎక్కువగా బాల్యంలోనే ప్రవేశిస్తుంది. జీర్ణాశయపు దిగువ భాగంలో తెల్లకణాలు గుమికూడి, పొరపై చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. బిడ్డకు చాలాసార్లు బాధే తెలియదు. కొందరిలో మాత్రం రక్తహీనత పట్టి వదలదు. పొర పలచబడి గ్రంథులు నశించడం పిల్లలలో అరుదు. అది దశాబ్దాల పని. కొందరిలో చివరకు పుండుగానో, పుట్టకురుపుగానో తేలుతుంది. 1991లో ప్రచురితమైన హైదరాబాదు పరిశోధనలో ఇరవై ఏళ్లు దాటినవారిలో నూటికి దాదాపు 80 మందికి ఈ క్రిమి సోకినట్లు కనబడింది.

ఇక్కడ ఒక విచిత్రం. బిడ్డకు తొలి ఘనాహారంగా దాది నమిలిన రొట్టె పెట్టమని ఇబ్నె సీనా సూచించాడు. పళ్లు రాని బిడ్డపై దయతో చెప్పిన మాటే అది. అయితే ఈ క్రిమి తల్లి నుండి బిడ్డకు నోటి ద్వారా సంక్రమించగలదని నేటి వైద్యుల అభిప్రాయం. మన ఇళ్లలోనూ నమిలి పెట్టే అలవాటు ఉన్నచోట ఈ సంగతి తల్లులకు చెప్పవలసిందే.

మరోవైపు, యునానీలో జీర్ణాశయానికి వాడే జవారిషె మస్తగీలోని ప్రధాన ద్రవ్యమైన మస్తగీ బంక ప్రయోగశాలలో ఈ క్రిమిని చంపిందని 1998లో ప్రకటించారు. రోగులలో మాత్రం ఆ ఫలితం నిలకడగా రాలేదు. కనుక పిల్లలకు దానినే చాలించుకోరాదు. అలాగని దుకాణంలో యాంటీబయాటిక్ కొని నాలుగు రోజులు మింగించడమూ కూడదు. కొరవడిన మోతాదు క్రిమిని మొండిదిగా మారుస్తుంది. మానని నొప్పికి, వాంతిలో నెత్తురుకు, తగ్గని రక్తహీనతకు పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూపించవలసి రావచ్చు. అందుకు కుప్పంలోనే 2000 తర్వాత వైద్య కళాశాల ఏర్పడింది.