వైర్‌లెస్ ఇన్‌ఇయర్ మానిటర్: తక్కువ ధర సెట్ల ఎంపిక

వేదిక మీద గాయకులు, వాద్యకారులు తమ మిక్స్‌ను కాళ్ల దగ్గరి వెడ్జ్ స్పీకర్ల నుంచి కాకుండా చెవిలోని ఇయర్‌ఫోన్లలో, తీగ అడ్డు లేకుండా వినే ఏర్పాటు ఇది. మిక్సర్ ఆక్స్ అవుట్‌పుట్‌కు కలిపే ట్రాన్స్‌మిటర్, నడుముకు తగిలించుకునే బెల్ట్‌ప్యాక్ రిసీవర్, ఇయర్‌ఫోన్లు దీని భాగాలు. వైర్‌లెస్ మైకులో సంగీతకారుడి వద్ద ట్రాన్స్‌మిటర్ ఉంటుంది, ఇక్కడ రిసీవర్ ఉంటుంది. ఒకప్పుడు పెద్ద పర్యటన బృందాలకే పరిమితమైన ఈ పరికరం ఇప్పుడు చర్చి సంగీత బృందాలు, పెళ్లి ఆర్కెస్ట్రాలు, కాలేజీ బ్యాండ్ల దాకా వచ్చింది. ఈ వ్యాసం ఆ దిగువ శ్రేణి గురించే.

పుట్టుక

మొదట ఎవరు చేశారన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. అమెరికాకు చెందిన స్టీఫెన్ ఆంబ్రోస్, 1960ల మధ్యలోనే ఈతగాళ్ల చెవి ప్లగ్గుల్లో చిన్న స్పీకర్లు అమర్చి వాడినట్లు చెప్పుకున్నాడు. తర్వాతి కాలంలో స్టీవీ వండర్ వంటి వారికి పనిచేశాడు. ఫ్యూచర్ సోనిక్స్ స్థాపకుడు మార్టీ గార్షియా పేరు 1980ల మధ్య నుంచి వినిపిస్తుంది. ఇద్దరి ఘనతా ప్రధానంగా ఇయర్‌ఫోన్‌కు సంబంధించినది. రేడియో ద్వారా మిక్స్‌ను వేదిక మీదికి పంపే పూర్తి వ్యవస్థగా చూస్తే, స్టీవీ వండర్ బృందంలోనే సౌండ్ ఇంజినీరుగా ఉన్న క్రిస్ లిండాప్ ప్రయోగాల నుంచి వచ్చిన బ్రిటన్ సంస్థ గార్వుడ్‌ను ముందు చెప్పడం సబబు. దాని ‘రేడియో స్టేషన్’ 1980ల చివరి నాటిదని ఎక్కువ కథనాలు అంటాయి. 1995లో జెర్రీ హార్వే, తాను మానిటర్ ఇంజినీరుగా పనిచేస్తున్న వాన్ హేలెన్ బృందపు డ్రమ్మర్ అలెక్స్ కోసం ఇయర్‌ఫోన్లు తయారుచేసి అల్టిమేట్ ఇయర్స్‌ను ప్రారంభించాడు. ష్యూర్ సంస్థ 1997లో పీఎస్ఎం 600తో ఈ రంగంలోకి వచ్చింది.

రెండు రకాల రేడియో

తక్కువ ధరలో దొరికే సెట్లు దాదాపుగా రెండు జాతులు. మొదటిది యూహెచ్ఎఫ్ బ్యాండులో పనిచేసే అనలాగ్ ఎఫ్.ఎం.: ష్యూర్ పీఎస్ఎం 300, సెన్‌హైజర్ ఎక్స్ఎస్‌డబ్ల్యూ ఐఈఎం, ఎల్‌డీ సిస్టమ్స్ ఎంఈఐ శ్రేణి, టాక్‌స్టార్ డబ్ల్యూపీఎం 200 వంటివి. రెండోది 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్: ఎక్స్‌వైవ్ యూ4 ఇందులో ప్రసిద్ధం. అమెరికా మార్కెట్లో యూ4 సుమారు 250 డాలర్ల దరిదాపుల్లో ఉంటే, పీఎస్ఎం 300 దానికి దాదాపు మూడింతలు. మన దేశంలో దిగుమతి సుంకం, జీఎస్టీ కలిశాక ధరలు ఊరూరా మారుతుంటాయి కాబట్టి ఈ నిష్పత్తిని గుర్తుంచుకోవడమే మేలు.

అనలాగ్ స్టీరియో సెట్లలో ఎక్కువ భాగం ఎఫ్.ఎం. ప్రసారాల పద్ధతినే వాడతాయి. 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పైలట్ స్వరం ఉంటుంది కాబట్టి పై స్థాయి శబ్దాలు సుమారు 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి. ప్రకటనల్లో 20 కిలోహెర్ట్జ్ అని ఉన్న 2.4 సెట్లు ఇందువల్లే కాగితం మీద మెరుగ్గా కనిపిస్తాయి. జోరుగా సాగే వేదిక మీద ఈ తేడాను పట్టించుకునేవారు అరుదు. కింది కొస మాత్రం పట్టించుకోదగినది. పీఎస్ఎం 300 పేర్కొన్న హద్దు 38 హెర్ట్జ్. బాస్ గిటార్ లావు తీగ ఇ సుమారు 41 హెర్ట్జ్, అయిదు తీగల బాస్‌లోని బి సుమారు 31. అంటే ఆ చివరి తీగ మూలస్వరం బలహీనపడి, దాని పై స్వరాలే ఎక్కువగా వినిపిస్తాయి.

యూ4లో ఆరు చానెళ్లు ఉంటాయి, శబ్దం మోనో. మధ్యలో అడ్డం లేకపోతే 27 మీటర్ల దాకా అందుతుందని తయారీదారు చెబుతాడు. ‘అడ్డం లేకపోతే’ అన్నదే ఇక్కడ కీలకం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. నీరు ఎక్కువగా ఉండే మనిషి శరీరం దాన్ని బాగా పీల్చేస్తుంది. గాయని వెనుదిరిగి బెల్ట్‌ప్యాక్‌కూ ట్రాన్స్‌మిటర్‌కూ మధ్య తానే అడ్డంగా నిలిస్తే సిగ్నల్ తెగవచ్చు. 500 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 60 సెంటీమీటర్లు, ఒళ్లు చుట్టి రావడానికి అనువు ఎక్కువ. సెన్‌హైజర్ ఈడబ్ల్యూ శ్రేణి వంటి పై ధర సెట్లు ఇయర్‌ఫోన్ తీగనే రెండో యాంటెన్నాగా వాడుకుంటాయి. కింది శ్రేణిలో ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు. ట్రాన్స్‌మిటర్‌ను ర్యాకులో అడుగున దాచకుండా, తలల కంటే ఎత్తున, వేదికకు ఎదురుగా పెట్టడం ఖర్చులేని చికిత్స.

పౌనఃపున్యం, చట్టం

కొనుగోళ్లలో ఎక్కువ నష్టం జరిగేది ఈ విషయంలోనే. దుకాణంలో చక్కగా పనిచేసిన సెట్ ఆరు నెలల తర్వాత, మరో ఊళ్లో ఎందుకు గురగురలాడుతుందన్నది మిక్సర్‌కు సంబంధించిన ప్రశ్న కాదు.

భారతదేశంలో 703–748, 758–803 మెగాహెర్ట్జ్ జంట మొబైల్ సేవలకు వెళ్లింది. 2022 వేలంలో 700 బ్యాండును కొన్న ఏకైక సంస్థ జియో. బీఎస్ఎన్ఎల్‌కూ ఇందులో వాటా కేటాయించారు. 758 నుంచి 803 వరకు ఉన్న ముక్క టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే దిశ. చైనా తయారీ చవక సెట్లలో కొన్ని, ముఖ్యంగా టాక్‌స్టార్ డబ్ల్యూపీఎం 200లో విరివిగా అమ్మిన 780–789 రకం, సరిగ్గా ఈ ముక్కలోనే కూర్చున్నాయి. టవర్ దగ్గర్లో ఉన్న ఫంక్షన్ హాల్లో అలాంటి సెట్ బెల్ట్‌ప్యాక్ నిలకడగా ఉంటుందని ఆశించడం కష్టం. సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకు వస్తే ఎందుకు వస్తోందో చూసుకోవాలి.

అమెరికా అనుభవం ఇంతకంటే పాతది. అక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 698–806 మెగాహెర్ట్జ్‌లో వైర్‌లెస్ మైకులను, ఇన్‌ఇయర్ ట్రాన్స్‌మిటర్లను 2010 జూన్ 12 తర్వాత నిషేధించింది. 600 బ్యాండులో ఎక్కువ భాగాన్ని 2020 జూలై 13తో మూసింది. అప్పుడు పనికిరాకుండా పోయిన సెట్లలో కొన్ని ఇంకా చేతులు మారుతున్నాయి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో బంధువులు తెచ్చే సెట్లలో ఇంకో చిక్కు ఉంది: 902–928 మెగాహెర్ట్జ్ అక్కడ లైసెన్సు అక్కర్లేని బ్యాండు, మన దగ్గర అది 900 మొబైల్ బ్యాండు మీద పడుతుంది. ఐరోపా సరుకులో కనిపించే 863–865 కూడా అలాంటిదే. భారత్‌లో లైసెన్సు మినహాయింపు ఉన్నది 865–868లో, అదీ 200 కిలోహెర్ట్జ్ వెడల్పు వంటి షరతులతో. అంకెలు పక్కపక్కనే ఉన్నాయని అమ్మేవారు రెంటినీ ఒకటిగా చెప్పడం కద్దు.

2.4–2.4835 గిగాహెర్ట్జ్‌కు మన దేశంలో 2005 నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. అయితే పరికరానికి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ, అంటే పరికర ఆమోదం, ఉండాలి. చట్టం వైపు చూస్తే సామాన్య కొనుగోలుదారుకు ఇదే సులువైన దారి. యూహెచ్ఎఫ్ తీసుకోదలిస్తే పెట్టె మీది మోడల్ పేరు కాక, దాని పక్కనుండే బ్యాండ్ కోడ్‌ను చదవాలి. ఒకే మోడల్ నాలుగైదు బ్యాండుల్లో వస్తుంది.

సులువైన దారిలో రద్దీ కూడా ఎక్కువే. హాలు వై-ఫై, కెమెరా బృందాల వైర్‌లెస్, ప్రేక్షకుల జేబుల్లోని ఫోన్లు అన్నీ అక్కడే ఉంటాయి. సౌండ్ చెక్ ఖాళీ హాల్లో జరుగుతుంది. కచేరీ నిండు హాల్లో. బెహ్రింగర్ ఎక్స్ఆర్18 వంటి చిన్న డిజిటల్ మిక్సర్లు వాడే బృందాలు ఇంకో సంగతి గమనించాలి: దానిలోని సొంత వై-ఫై పనిచేసేది కూడా 2.4లోనే. ఫోన్లో యాప్ తెరిచి తన మిక్స్ సవరించుకునే కీబోర్డు వాద్యకారుడు, పక్కనున్న గాయకుడి చెవిలో శబ్దం తెగడానికి కారణం కావచ్చు. విడిగా 5 గిగాహెర్ట్జ్ రౌటర్ పెట్టి మిక్సర్‌ను దానికి కలిపితే ఈ గొడవ చాలామటుకు తగ్గుతుంది.

యూహెచ్ఎఫ్‌లో ఒకటి కంటే ఎక్కువ ట్రాన్స్‌మిటర్లు ఉన్నప్పుడు ఇంటర్‌మాడ్యులేషన్ వస్తుంది. 520, 520.5 మెగాహెర్ట్జ్‌లలో రెండు ట్రాన్స్‌మిటర్లు పక్కపక్కన నడిస్తే 519.5, 521 దగ్గర అవాంఛిత సంకేతాలు పుడతాయి. మూడోదాన్ని ‘సమాన దూరం’ పాటిస్తూ 521లో పెట్టినవారు నేరుగా ఆ గోతిలో పడతారు. తయారీదారు ఇచ్చే గ్రూపు, చానెల్ పట్టికలో దూరాలు అస్తవ్యస్తంగా కనిపించేది ఇందుకే. ఇన్‌ఇయర్ ట్రాన్స్‌మిటర్‌నూ వైర్‌లెస్ మైకుల రిసీవర్లనూ ఒకే ర్యాకులో ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. మైకులు తెగడం మొదలైతే మొదట చూడవలసింది అదే.

ఆలస్యం

అనలాగ్ సెట్లలో ఆలస్యం లెక్కలోకి రాదు. 2.4 డిజిటల్ సెట్లు సాధారణంగా 4–6 మిల్లీసెకన్లు తీసుకుంటాయి; యూ4కు 5 లోపు అని తయారీదారు లెక్క. డిజిటల్ మిక్సర్ మరో మిల్లీసెకను దాకా కలుపుతుంది. ఈ అంకెను చూసి భయపడేవారు ఒకటి మరచిపోతారు: శబ్దం 5 మిల్లీసెకన్లలో సుమారు 1.7 మీటర్లు పోతుంది. నేల మీది వెడ్జ్ నుంచి నిలబడ్డ మనిషి చెవికి దూరం కూడా దాదాపు అంతే. కీబోర్డు, గిటార్, ప్యాడ్స్ వాయించేవారికి ఇది అడ్డు కాదు.

గాయకుల సంగతి వేరు. తమ గొంతు ఎముకల ద్వారా వారికి వెంటనే వినిపిస్తుంది, ఇయర్‌ఫోన్లో కాస్త తర్వాత వినిపిస్తుంది. రెండూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు రద్దవుతాయి. 5 మిల్లీసెకన్లకు ఆ లెక్క 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అంటే గొంతు ఉండే చోటే. గొంతు పీలగా, డొల్లగా ఉందని ఫిర్యాదు చేసే గాయకుడి చెవి చెడిందనుకోనక్కర్లేదు. బడ్జెట్‌లో ఒక్క యూహెచ్ఎఫ్ సెట్‌కే చోటుంటే దాన్ని ప్రధాన గాయకుడికి ఇవ్వాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటుతుంది కాబట్టి అవి ఇక్కడ చర్చకే రావు.

ఎవరికి ఎన్ని

ఖర్చు తగ్గే అసలు చోటు బ్రాండ్ ఎంపికలో లేదు, ఎవరికి తీగ నిజంగా అడ్డం అన్న ప్రశ్నలో ఉంది. డ్రమ్మర్, తబలా వాద్యకారుడు, కీబోర్డు వాద్యకారుడు కూర్చున్న చోటు నుంచి కదలరు. వారికి బెహ్రింగర్ పీ1 లేదా పీ2 వంటి తీగ గల చిన్న యాంప్లిఫయర్ చాలు. అది వైర్‌లెస్ సెట్ ధరలో చిన్న వంతు, పౌనఃపున్యం గొడవ అసలుండదు, శబ్దం కూడా శుభ్రం. నిలబడి తిరిగే ఇద్దరు గాయకులకు ఒకే ట్రాన్స్‌మిటర్, రెండు బెల్ట్‌ప్యాక్‌లు సరిపోతాయి. ఒక ట్రాన్స్‌మిటర్‌ను ఎందరైనా వినవచ్చు, అయితే అందరికీ అందేది ఒకే మిక్స్. పీఎస్ఎం 300 వంటి స్టీరియో సెట్లలో ఒక మెలకువ ఉంది: ఎడమ చానెల్లో ఒక మిక్స్, కుడిలో మరొకటి పంపి, బెల్ట్‌ప్యాక్ బ్యాలెన్స్ మీటతో ఎవరి పాళ్లు వారు తీసుకోవచ్చు. సాధారణంగా ఒకవైపు గొంతు, మరోవైపు మిగతా బృందం. ఎక్స్ఆర్18లో ఆక్స్‌లు ఆరు ఉంటాయి కాబట్టి ఆరు మోనో మిక్స్‌లు, లేదా మూడు స్టీరియో. ఎన్ని సెట్లు కొనాలో మిక్సర్‌ను చూశాకే తేల్చాలి.

ఇయర్‌ఫోన్లు

సెట్‌తో వచ్చే ఇయర్‌ఫోన్లు తరచు మొత్తం వ్యవస్థలో బలహీనమైన లంకె. చెవిలో బిగువుగా కూర్చుంటే బయటి శబ్దం 20 డెసిబెళ్లకు పైగా తగ్గుతుంది. వదులైతే బాస్ మాయమై, వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది. ష్యూర్ ఎస్ఈ215, సెన్‌హైజర్ ఐఈ 100 ప్రో చాలాకాలంగా నిలిచినవి. కేజెడ్ వంటి చైనా బ్రాండ్లు వీటికంటే బాగా తక్కువ ధరకు ఆశ్చర్యపరిచే శబ్దం ఇస్తాయి, తీగ మాత్రం విడదీయగలిగినదై ఉండాలి. చెమట, గుంజుడు వల్ల ముందు పోయేది అదే. సిలికాన్ టిప్ కంటే ఫోమ్ టిప్ చాలామంది చెవులకు బాగా పడుతుంది, అరిగిపోవడం కూడా త్వరగానే. చెవి అచ్చు తీయించి చేసే కస్టమ్ ఇయర్‌ఫోన్ ఈ ధర శ్రేణికి బయటిది.

బ్యాటరీ

యూ4లో తీయలేని లిథియం బ్యాటరీ ఉంది, సుమారు అయిదు గంటలు. సౌండ్ చెక్ సాయంత్రం అయిదింటికి పెట్టి, రిసెప్షన్ అర్ధరాత్రి దాకా సాగే ఆర్కెస్ట్రాకు అది చాలదు. ఏఏ సెల్స్ మార్చుకోగల పీఎస్ఎం 300 వంటివి ఈ విషయంలో నయం.

వినికిడి

అమెరికా సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ల వద్ద ఎనిమిది గంటలు హద్దు. ప్రతి మూడు డెసిబెళ్లకూ కాలం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. ఇన్‌ఇయర్ దానంతటది చెవిని కాపాడదు, తక్కువ వాల్యూమ్‌లో వినే అవకాశం ఇస్తుందంతే. ప్రేక్షకుల స్పందన వినబడటం లేదని ఒక చెవి తీసేయడం గాయకుల్లో బాగా కనిపించే అలవాటు. రెండు చెవులూ కలిసి ఇచ్చే బలం పోయేసరికి మిగిలిన చెవిలో వాల్యూమ్ పెరుగుతుంది, తీసిన చెవి వేదిక శబ్దానికి తెరుచుకుంటుంది. వేదిక అంచున ఒక మైకు పెట్టి హాలు శబ్దాన్ని మిక్స్‌లో కొద్దిగా కలిపితే ఆ అవసరం రాదు. ఇక ఎవరైనా మైకు జారవిడిచినా, ఫీడ్‌బ్యాక్ కూసినా ఆ దెబ్బ నేరుగా చెవిలో పడుతుంది. బెల్ట్‌ప్యాక్‌లో శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్ లేకపోతే మిక్సర్ ఆక్స్ బస్ మీద దాన్ని పెట్టి, ఆ తర్వాతే ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకోవాలి.